వెనకడుగులు

రమ చనిపోయిన రోజున, ఈ అరబ్బు దేశంలో అరాద్‌లోని మా బడికి సంగీతం టీచరు లేకుండా పోయింది, నాకు భార్య. పందొమ్మిదో శతాబ్దంలో విద్యార్థుల బాల్ డాన్సు కోసం కూర్చిన వాల్ట్జ్ అనే జంట నృత్యాన్ని ఆమె పిల్లలకు సగమే నేర్పింది. వార్షికోత్సవం దగ్గర పడటంతో, మిగతా సగం నేర్పడానికి లెక్కల మాస్టారినైన నేనే పూనుకున్నాను.

చూపించడానికి జోడీగా బస్సు డ్రైవర్ ఇస్హాఖ్‌నీ, అటెండర్ లింబాద్రినీ నిలబెట్టాను.

"ఒకరు ముందుకు, ఒకరు వెనక్కి నడవాలి," అన్నాను.

"అద్దం లేకుంటే రివర్స్ ఎట్ల పోవాల సార్?" అన్నాడు ఇస్హాఖ్.

"సిమెంటు బస్తా లెక్క పట్టినవేంది భాయ్, ఊపిరాడుతలేదు!" అన్నాడు లింబాద్రి.

పిల్లలు పడీపడీ నవ్వారు.

"యల్లా, కానియ్యుండ్రి సార్, మీరే చూపుండ్రి," అన్నాడు ఇస్హాఖ్.

ఇస్హాఖ్ చేయి పట్టుకుని వెనక్కి నడిచాను. ఒక్క అడుగూ తప్పలేదు.

"మరి ముందటికి నడిచేటోడు ఏం చెయ్యాలె సార్?" అన్నాడు లింబాద్రి.

ఆగిపోయాను. ఇంట్లో ఈ నృత్యం చేసినప్పుడు ఎప్పుడూ రమే ముందుకు అడుగేస్తూ నన్ను నడిపించేది.

ముందుకు వేసే అడుగులు నేనింకా నేర్చుకోలేదు.