హల్వా డబ్బా మీద అలారం

"ఇది అలారమా, దోమ రొదా? నిన్న గవర్నరుగారి మీటింగు తప్పిపోయింది. గట్టిగా మోగేలా చెయ్యవోయ్ మహ్రూస్!" అంటూ మునిసిపాలిటీ ఫిర్యాదుల అధికారి షౌకత్ బే మీటింగులు గుర్తుచేసే తన చేతి ఆర్గనైజరును రిపేరు బల్ల మీద పడేశాడు.

మహ్రూస్ దాని శబ్దం పూర్తిగా పెంచి, ఖాళీ హల్వా డబ్బా మీద నిలబెట్టి అలారం పెట్టాడు. డబ్బా కీచుమని అదిరింది. ఎదురుగా చిక్కుళ్ల బండి దగ్గర్నుంచి బయూమీ అరిచాడు.

"ఒరేయ్ మహ్రూస్, ఆపరా! చెవులు చిల్లులు పడుతున్నాయి!"

షౌకత్ బే డబ్బా వైపే చూస్తున్నాడు. "ఇంకెప్పుడు మోగిస్తావయ్యా?"

మహ్రూస్ అలారం ఆపేశాడు. "బే గారూ... లోపం దీన్లో లేదు. మాటలు వినపడుతున్నాయి గానీ, మీకు సన్నటి కీచు మోతలు అందట్లేదు."

షౌకత్ బే మొహం పాలిపోయింది. "ఎవరితోనూ అనకు. చెవుడని తెలిస్తే ఉద్యోగం ఊడబీకుతారు."

కొట్టు ముందు మురుగు పొంగుతోంది. దాని మీద మహ్రూస్ షౌకత్ బే ఆఫీసులో ఇప్పటికి తొమ్మిది అర్జీలు పెట్టుకున్నాడు.

"ఊరుకోండి బే! ఇన్నేళ్లూ ఎవరి మొర విన్నారని, ఇప్పుడు కొత్తగా పీకేస్తారు?"



"అంతేనంటావా?" అని షౌకత్ బే తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, ప్యాంటు పైకెత్తి పట్టుకుని మురుగు దాటాడు.