ఆకాశరామన్న లెక్క

"పేరు రాసుకునే ధైర్యం లేనివాడు నాకు లెక్కలు నేర్పుతాడా?" అంటూ చీఫ్ ఇంజనీరు ఆ కాగితాన్ని బల్లమీద పడేశాడు. పొద్దున గది తలుపు కింద దొరికిన ఆకాశరామన్న ఉత్తరం అది.

పెద్ద టెలిస్కోపు కోసం తొమ్మిదేళ్లుగా ఆయన ఒక కెమెరా తయారుచేయిస్తున్నాడు. కంటికి కనబడని పరారుణ కాంతిలో నక్షత్రాలను ఫొటో తీస్తుంది. ఆ కాంతినే విడగొట్టి చూపిస్తుంది కూడా. తన వేడి తనకే అడ్డం రాకుండా, సున్నాకు రెండువందల డిగ్రీల కింద పనిచేయాలి. ఇంకో పదిరోజుల్లో దాన్ని మొదటిసారి చల్లబరుస్తారనగా ఊడిపడింది ఈ ఉత్తరం.

'చలికి మూడో లెన్సు చుట్టూ ఉన్న రింగు గాజుకన్నా ఎక్కువ కుంచించుకుపోతుంది. లెన్సు పగులుతుంది.' కింద నాలుగు వరసల లెక్క.

అసిస్టెంటు ఇంజనీరు చదివి నవ్వేసింది. "పట్టించుకోకండి సార్. మీ లెక్క తప్పడమేమిటి? చించి పారేద్దాం."

ఆయనకు చిర్రెత్తింది. ఆరేళ్లుగా ఆమె అవునన్నదల్లా ఆయన కాదంటూనే ఉన్నాడు. ఆ మాట ఎవరన్నా అంటే మాత్రం ఒప్పుకోడు.

"చించడానికి నువ్వెవరు? నమూనా లెన్సు తీయించు. ఆ రింగులోనే బిగించి చల్లబరుద్దాం."

"ఉన్న టైమంతా దానికే పోతుంది సార్. అనవసరం."

"అనవసరమో కాదో నేను చెబుతా."

రెండు రోజులు మెల్లగా చల్లబరిచారు. మళ్లీ మామూలు వేడికి తెచ్చి తెరిచారు. లెన్సుకు ఈ చివర నుంచి ఆ చివర దాకా పగులు.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. అసలు లెన్సును సానపట్టడానికే పదహారు నెలలు పట్టింది. అదే పగిలి ఉంటే, రిటైరయ్యేలోపు తన కెమెరాను టెలిస్కోపు మీద చూసుకునే రాత ఆయనకు లేనట్టే.

"రింగు మార్పించు," అన్నాడు గొంతు తగ్గించి. "ఆ ఆకాశరామన్నకు రెండు ముక్కలు టైపు చెయ్యి. 'తప్పు నాదే. మీవల్ల బయటపడ్డాను.' అంతే."

ఆమె టైపు చేసింది. ఆయన సంతకం పెట్టాడు.

"ఎక్కడికి పంపను సార్?"

"అడ్రసు లేదుగా. నోటీసు బోర్డుకు అంటించు. ఎవడో వాడే చూసుకుంటాడు."

"అలాగే సార్."

ఆమె వరండాలోకి వచ్చి, బోర్డు ముందు ఒక్క క్షణం ఆగింది.

తన ఉత్తరానికి వచ్చిన జవాబు కదా, మడిచి బ్యాగులో పెట్టుకుంది.