సంతకం లేని కేసు

"ఈ గడిలో సంతకం ఏదమ్మా?"

తనిఖీ అధికారి కేసుల పుస్తకాన్ని ముందుకు తోశాడు. గుండె వైద్యంలో పైచదువు చెప్పే ఆస్పత్రులన్నిటిలోనూ ఆయన్ని చాటుగా ‘భూతద్దం’ అంటారు. ఆయన దగ్గర ఎవరి పప్పులూ ఉడకవు. చదువుకునే డాక్టర్లను ఒక్కొక్కరినే పిలిచి, తలుపు వేసి మరీ అడుగుతాడు.

ఎదురుగా కూర్చున్న ఆఖరి సంవత్సరం డాక్టరమ్మ పుస్తకాన్ని తన వైపు తిప్పుకుంది.

"ఇక్కడ ముగ్గురు గురువులుండాలి. ఇద్దరే కనిపించారు. మూడో ఆయన సెలవులో ఉన్నారని మీ సూపరింటెండెంట్ అంటున్నారు. నిజమేనా?"

"సె... సెలవే సార్."

"ఆయన పేరు కాగితాల మీదే ఉందని తేలితే సాయంత్రానికల్లా కోర్సు గుర్తింపు రద్దు. మీ ఎనిమిదిమంది చదువూ గంగలో కలిసినట్టే. తెలుసుగా?"

"తెలుసు సార్."

భూతద్దం మళ్లీ పుస్తకం మీదికి వంగాడు. అందులో పేషెంట్ల పేర్లుండవు, నంబర్లే.

"నూట పన్నెండో నంబరు. మణికట్టులోంచి సన్నని తీగ పంపి, మూసుకుపోయిన గుండె రక్తనాళం తెరిచే కేసు. చేసింది నువ్వు. పేషెంటు పోయాడు. గురువు దగ్గరున్నారా అన్నచోట ‘ఉన్నారు’ అని ఆ మూడో ఆయన పేరు రాశావు. ఆయన సంతకం మాత్రం లేదు. ఆ తర్వాత ఏ పేజీలోనూ లేదు!"

"ఉన్నారు సార్. ఒట్టు."

"చాల్లే! ఇలాంటివాళ్లను ఎంతమందిని చూడలేదు! ఒక ప్రాణాన్ని నీ చేతిలో పడేసి, తను ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చుని ఉంటాడు. పాఠం చెప్పడు కానీ జీతం మాత్రం కావాలి. గురువట, గురువు!"

డాక్టరమ్మ చివాలున లేచింది. అవతల వరండాలో తోటివాళ్లు ఏడుగురూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. నోరు జారొద్దని పొద్దున వాళ్లంతా ఆమె చేతులు పట్టుకుని బతిమాలారు. మూసిన తలుపు వైపు ఒక్కసారి చూసిందామె. దుఃఖం ఆగలేదు.

"కోర్సు పోతే పోనివ్వండి సార్. ఆయన్ని మాత్రం ఆ మాట అనకండి," అంది వెక్కుతూ.

"మరి ఆ రోజు ఎక్కడున్నాడమ్మా ఆ మహానుభావుడు?"

"నా ఎదురుగానే సార్. మిగతా ఇద్దరూ ఊళ్లో లేరు, ఆగే టైము లేదు. ‘చెయ్యి వణకనివ్వకమ్మా, నేనున్నాగా’ అంటూ ఆఖరి ఊపిరి దాకా నాకు చెబుతూనే ఉన్నారు... ఆ బల్ల మీద పడుకున్నది ఆయనే!"