చెయ్యెత్తితే వినపడినట్టు

భోజనానికి ముందు సత్యానందం చేసే ప్రార్థనలో తన పేరెందుకు రాదో, జ్ఞానమ్మకి పెళ్లయిన నాటి నుంచీ సందేహమే.

వాన, అక్విడెక్టు మీదుగా వచ్చే కాలవ నీళ్లు, వరి పండించిన రైతు, చేపలమ్మిన సరోజిని, ఆఖరికి గ్యాస్ బండ తెచ్చిన మనిషి. అందరినీ పేరుపేరునా తలుచుకుని దేవుడికి వందనాలు చెబుతారాయన. ఆమేన్ అనేసరికి పులుసు చల్లారిపోతుంది. వండిన మనిషి ఎదురుగా గరిటె పట్టుకుని నిలబడే ఉంటుంది. ఆమె ఆయనకి "ఇదిగో". మహా అయితే "ఏమే".

ఆ సాయంత్రం ప్రార్థన కూడిక వాళ్లింట్లోనే. పేతురు మెకానిక్ షెడ్డులో తుక్కయిపోయిన కారులోంచి ఓ స్పీకరు ఊడదీయించి తెచ్చారు సత్యానందం. టార్చిలైటు బ్యాటరీ ముట్టిస్తే టక్కుమంది.

"టక్కుమంటే సరా? మాట రావాలి" అన్నారాయన.

దగ్గరుంటే కీచుమని కూస్తుందని, దాన్ని కొబ్బరితోట చివర చెట్టుకి కట్టారు. తను మైకుతో ఇంట్లో తలుపులేసుకుని కిటికీ అద్దం దగ్గర కూర్చున్నారు. వినపడితే చెయ్యెత్తమని జ్ఞానమ్మని చెట్టు కింద నిలబెట్టారు.

వన్ టూ త్రీ అన్నారు. జ్ఞానమ్మ చెయ్యెత్తలేదు.

వైర్లు సర్ది కీర్తన ఎత్తుకున్నారు. దడి అవతల నుంచి పొరుగింటి సుబ్బాయమ్మ గారు తొంగిచూశారు. చెయ్యి లేవలేదు.

ప్రార్థన అందుకుని, వాన నుంచి గ్యాస్ బండ దాకా వచ్చారు. ఊహూఁ.

జ్ఞానమ్మే కిటికీ దగ్గరికి వెళ్లింది.

"ఎవరినైనా పేరెట్టి పిలిచి చూడండి."

"ఎవర్ని?"

"చెట్టు కింద ఇంకెవరున్నారండి?"

మళ్లీ వెళ్లి నిలబడింది. ఆయన మైకుని రెండుసార్లు ఊదారు. తర్వాత గొంతు సవరించుకుని, "జ్ఞానమ్మా" అన్నారు.

ఆమె కదల్లేదు.

"జ్ఞానమ్మా... జ్ఞానమ్మా..."

అద్దంలోంచి ఆయన నుదురు తుడుచుకోవడం కనిపించింది.

"జ్ఞానమ్మా, నీ చేపల పులుసు బాగుంటుందే. ఎప్పుడూ బాగుంటుంది."

ముప్పై నాలుగేళ్లుగా ఆమెకి రావలసిన మాట అది. కొంగుతో మొహం తుడుచుకుని, అప్పుడెత్తింది చెయ్యి.

దడి మీద గడ్డం ఆనించి సుబ్బాయమ్మ గారు అడిగారు.

"అదేంటి వదినగారూ, మొదటి వన్ టూ త్రీకే మా గేదె పలుపు తెంపుకుని పోయింది, మీకిప్పుడా వినపడింది?"