మైకు కట్టిన దిబ్బ

నీళ్ళ పైకి తేలి, పడవ అంచు పట్టుకుని, నోట్లోని గాలి గొట్టం ఊడబీకి అరిచాను.

"ఒక్కటీ మిగల్లేదు మాస్టారూ! నిన్న సాయంత్రం వచ్చిన చేపపిల్లలన్నీ తెల్లారేసరికి మాయం. పందొమ్మిది రోజులుగా ఇదే వరస!"

మాస్టారు తలెత్తకుండా నోట్సులో సున్నా చుట్టారు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. చచ్చిపోయిన పగడపు దిబ్బకు మైకు కట్టి, బతికున్న దిబ్బలో చేపలూ రొయ్యలూ చేసే చప్పుడు వినిపిస్తే చేపపిల్లలు వచ్చి కాపురం పెడతాయని ఈయన పట్టుదల. పాపం, అవి చప్పుడు విని ఆశగా వస్తాయి. ఉత్త రాళ్ళు చూసి వెళ్ళిపోతాయి.

"ఆ రికార్డింగు కూడా ఏ కాలం నాటిదో! మధ్యమధ్య తెగిపోతోంది. రేపు కొత్తది పెడదామండీ."

"అదే ఉండనీ."

"ఎందుకండీ అంత మొండిపట్టు? ఎక్కడిదో చప్పుడు తెచ్చి ఇక్కడ వినిపిస్తూ నోరులేని జీవాల్ని మోసం చేస్తున్నాం!"

మాస్టారు పుస్తకం మూసి, ఆ రోజు మొదటిసారి నా మొహంలోకి చూశారు.

"ఎక్కడిదో కాదమ్మా. నీ వయసులో ఉన్నప్పుడు నేనే దిగి రికార్డు చేశాను. ఈ దిబ్బదే."