మామిడాకు మీద చీమ

1994 వేసవిలో ఒక ఉదయం, మాధవరంలోని తమ పెరటి మామిడిచెట్టు దగ్గరికి శ్యామ్ భార్యను పిలిచాడు. అతడు కాలేజీలో జంతుశాస్త్ర అధ్యాపకుడు.

"ఈడ చూడు. ఇది చీమ కాదు, దూకే సాలీడు. ముందుకాళ్ళు మీసాల మాదిరి ఎత్తుకొని చీమలా నటిస్తాది."

"అయ్యో పాపం! చీమలకు తెలిస్తే?"

"బతకనిస్తాయా?"

"మరి దాని పిల్లలు?"

"అవీ పుట్టినకాడ్నించి చీమల్లాగే నడుస్తాయి."

ఆమె చెయ్యి తన నిండు కడుపు మీదికి వెళ్ళింది.

లోపలినుంచి అత్తగారు కేక వేశారు: "భువనా! బొట్టు పెట్టుకొని పూజకు రామ్మా!"

"వస్తన్నా అత్తా!" అని, ఆమె భర్తను మెల్లగా అడిగింది: "నా పేరు భువన కాదు, ఎస్తేరని మన బిడ్డకైనా చెప్పొచ్చునా?"

శ్యామ్ కంగారుగా వాకిలివైపు చూసి, గొంతు తగ్గించమని సైగ చేశాడు.