ఎడమ పక్క వెనక తలుపు

“ఏ తలుపు?” అడిగాడు బల్బుల బాబాయ్, దుకాణం నుంచి మోసుకొచ్చిన బ్యాటరీని కారు పక్కన దించి.

“ఎడమ పక్క, వెనకది,” అంది చిట్టి. “రెండు చేతుల్లోనూ సంచులున్నాయి. కాలితో తోశాను. సరిగా పడలేదు.”

ఈ నలభై రోజుల్లో ఆ మాట ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఆ తెల్లవారుజామున అమ్మ ఊపిరాడక గిలగిల్లాడుతుంటే నాన్న ఎన్నిసార్లు తాళం తిప్పినా కారు కిమ్మనలేదు. పక్కింటి డ్రైవరు వచ్చి చూసి, “లోపలి లైటు రాత్రంతా వెలిగి బ్యాటరీ దిగిపోయింది. ఇదిగో, ఈ తలుపు ఓరగా ఉంది” అని దాన్ని గట్టిగా వేశాడు. అంబులెన్సు రావడానికి ముప్పావుగంట పట్టింది. అమ్మ అంతసేపు ఆగలేదు.

అప్పటి నుంచి అత్త ఇక్కడే ఉంటోంది, వంటకీ, దెప్పడానికీ. “అది కాలితో తన్నింది తలుపుని కాదు, తల్లి ప్రాణాన్ని,” అనేది వచ్చిన ప్రతివాళ్ళతోనూ. నాన్న మాత్రం ఒక్క మాటా అనలేదు. ఆ ప్రస్తావన రాగానే లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకునేవాడు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించేది చిట్టికి.

రేపు కారు కొనుక్కున్నవాళ్ళు వస్తున్నారు. అది వెళ్ళిపోతే తప్పు తనదో, లైటుదో ఇక ఎప్పటికీ తేలదు. అందుకే కార్ల కరెంటు పనిలో చెయ్యి తిరిగిన బాబాయ్‌ని తనే పిలుచుకొచ్చింది. నాన్న వద్దన్నాడు. “వాళ్ళు తాడు కట్టి లాక్కెళ్తామన్నారుగా. ఉన్నది ఉన్నట్టే పోనీ” అన్నాడు. ఆ రోజు నుంచి ఆ కారుని ఎవరూ ముట్టలేదు.

“చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది,” అంది అత్త గడప మీద కూర్చుని. “మీ నాన్నని చూడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు కూడా పోయాయి. అమ్మకం కాగితం బారెడు దూరం పెట్టి చదివాడు. కళ్ళజోడేదిరా అంటే పోయిందంటాడు. రోజూ గళ్ళనుడికట్టు నింపందే పడుకోనివాడు, పేపరే ముట్టడం లేదు. అంతా నీ చలవే!”

“అక్కయ్యగారూ, కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా?” అన్నాడు బాబాయ్. ఆమె లోపలికి వెళ్ళగానే గొంతు తగ్గించి, “దాహం కాదమ్మడూ, చెవులకి విశ్రాంతి” అన్నాడు.

చిట్టికి నవ్వు రాలేదు.

బ్యాటరీ తగిలించగానే కారులో లైటు వెలిగింది. చిట్టి ఉలిక్కిపడింది.

“తలుపులన్నీ వేసే ఉన్నాయా?”

ఒక్కొక్కటీ లాగి చూసింది. అన్నీ బిగుసుకునే ఉన్నాయి.

బాబాయ్ ఎడమ పక్క వెనక తలుపు తీసి, దాని చట్రంలో ఉన్న రబ్బరు బొడిపెని బొటనవేలితో నొక్కాడు. “తలుపు పడితే ఇది నొక్కుకుంటుంది, లైటు ఆరుతుంది.” ఆరలేదు. తక్కిన మూడు తలుపుల దగ్గరా అదే వరస.

“తలుపుల మాట ఇది వినడంలేదే!”

“అయితే లోపం కారుదేనా బాబాయ్?” అంది చిట్టి.

“తొందరపడకు.”

డ్రైవరు సీటులోకి వెళ్ళి తల పైకెత్తి చూశాడు. లైటు పక్కనున్న చిన్న మీట మీద వేలు పెట్టాడు.

“లోపమేమీ లేదు. ఈ మీట మధ్యలో ఉంటే, తలుపు తీస్తే వెలుగుతుంది, వేస్తే ఆరుతుంది. ఇది ముందుకి జరిపి ఉంది. ఇలా ఉంటే ఎన్ని తలుపులు బిగించినా వెలుగుతూనే ఉంటుంది. ఎవరో చేత్తో వేసుకుని, ఆర్పడం మర్చిపోయారు.”

“నేను కాదు. నేను వెనకే కూర్చున్నాను.”

బాబాయ్ మీటని మధ్యకి జరిపాడు. “ఇప్పుడు ఆ రోజు తోసినట్టే తోయి.”

చిట్టి కాలితో తోసింది. తలుపు అచ్చం ఆ రోజులాగే ఓరగా ఉండిపోయింది. లైటు మాత్రం ఆరిపోయింది. మళ్ళీ తోసింది. మళ్ళీ ఆరిపోయింది.

“చూశావా? నీ తలుపు పాపం ఏమీ లేదమ్మడూ. ఎవరేమన్నా నా పేరు చెప్పు.”

చిట్టి అక్కడే నేల మీద కూలబడింది. భోరుమని ఏడ్చింది. బాబాయ్ ఆమె ఏడుపు తగ్గేదాకా ఆగి, డ్రైవరు సీటు పక్క సందులోంచి ఏదో తీసిచ్చాడు.

“ఇవి చూసుకో. లేకపోతే రేపు కారుతో పాటే పోతాయి.”

నాలుగు మడతలు పెట్టిన పేపరు. అమ్మ పోవడానికి ముందురోజుది. సగం నింపిన గళ్ళనుడికట్టు. మడతలో నాన్న కళ్ళజోడు.

గదిలో లైటుంటే అమ్మకి నిద్రపట్టేది కాదు.

చిట్టి చాలాసేపు ఆ గళ్ళనే చూసింది. తర్వాత పేపరుని చిన్నగా మడిచి జేబులో దాచుకుంది.

“బాబాయ్, మీట సంగతి ఎవరికీ చెప్పకండి. నాన్నకి తెలిస్తే బతకడు.”

“మరి నువ్వు?”

“నాకు అలవాటైపోయింది.”

లోపల నాన్న కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. అక్కడినుంచి చూస్తే కారు కనిపిస్తుంది.

“ఏం తేలింది?” అన్నాడు తల తిప్పకుండానే.

“తలుపే నాన్నా. నాదే తప్పు.”

“నే చెప్పలా!” అంది వంటింట్లోంచి అత్త.

“నీ కళ్ళజోడు దొరికింది నాన్నా. బీరువా కింద పడి ఉంది.”

నాన్న కళ్ళజోడు అందుకున్నాడు. పెట్టుకోలేదు. కూతురి మొహం వైపు చూడలేదు.

“అది కారులో ఉందని నాకు మొదటిరోజే తెలుసు.”